నోటి తీగ, చెవి తీగ

మా బావని ఈ బజారంతా కూతల డాక్టరు అంటారు. ఆ పేరు పెట్టింది నేను. ఆయన మాత్రం ఎవరో పెద్దమనిషి మెచ్చుకుని పెట్టాడనుకుని ఇప్పటికీ మురిసిపోతుంటాడు. నేనూ నిజం చెప్పలేదు. మురిసేవాళ్ళని మురవనివ్వాలి, మన సొమ్మేం పోయింది?

బావ అంటే మా అక్క మొగుడు. చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేస్తాడు. అందులోనూ అందరూ చేసే పని కాదు, మదర్‌బోర్డులు. కంప్యూటరు డబ్బా విప్పితే లోపల ఆకుపచ్చగా, వీధులూ ఇళ్ళూ గీసిన ఊరి పటంలా ఒక పలక కనబడుతుందే, అది. మిగతావాళ్ళు "బోర్డు పోయిందండీ, కొత్తది వేయించుకోండి" అని చేతులు దులిపేసుకున్నాక ఆ పలక మా బావ బల్ల మీదికి వస్తుంది. ఆయన కొట్టూ, నా జిరాక్స్ కొట్టూ నిజానికి ఒకటే గది. మధ్యలో చెక్కతో అడ్డం కట్టించుకున్నాం. అది కప్పు దాకా వెళ్ళదు. అందుకని ఆయన టంకం పొగ నా వైపుకీ, నా మిషను వేడి ఆయన వైపుకీ వచ్చిపోతుంటాయి. గోడలకి చెవులుంటాయంటారు కదా, మా చెక్కకి చెవులతోపాటు నోరు కూడా ఉంది.

ఇక కూతల సంగతి. బోర్డుకి కరెంటు ఇవ్వగానే అది తన ఒళ్ళంతా ఒకసారి తడిమి చూసుకుంటుంది. అంతా బాగుంటే "కీ" అని ఒక్క కూత కూసి ఊరుకుంటుంది. ఎక్కడైనా నలతగా ఉంటే మాత్రం జబ్బుకో రకంగా కూస్తుంది. పొడుగ్గా, ఆగి ఆగి కూస్తే ర్యామ్‌లో తేడా. పొడుగు కూత వెనకే పొట్టి కూతలొస్తే తెరకి బొమ్మ పంపే భాగంలో తేడా. శెనగగింజంత స్పీకరు ఒకటి బోర్డుకి తగిలించి, కళ్ళు మూసుకుని, మెడ కాస్త పక్కకి వంచి వినేవాడు బావ. ఆ సమయంలో ఎవరైనా గొంతు సవరించుకున్నా కసురుకునేవాడు. ఇటు నా మిషను గడగడలాడుతున్నా సరే, అటు కూత రాగానే, "మరదలా, ఇది ర్యామే, పందెం!" అని కేక వేసేవాడు. పందెం కట్టి నేను గెలిచిన పాపాన పోలేదు.

ఆ చెవి వల్లే ఆయనకి పెళ్ళి కూడా అయింది. మా అక్క పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఆసుపత్రికి ఎవరు ఫోన్ చేసినా ముందు పలికేది అక్క గొంతు. సన్నగా, శుభ్రంగా, ఒక్క అక్షరం నలగకుండా "నమస్కారం, ఎవరు కావాలండీ?" అంటుంది. ఇద్దరం ఒక్క కడుపునే పుట్టినా ఆ గొంతు నాకు రాలేదు. నాది బొంగురు గొంతు, ఫోనెత్తితే అవతలివాళ్ళు "సార్" అంటారు. బావ ఏదో కంప్యూటరు పని మీద ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాడట. మర్నాడు పని లేకపోయినా చేశాడట. ల్యాబ్‌కి కలపమని, స్టోర్స్‌కి కలపమని, చివరికి క్యాంటీన్‌కి కలపమని, రోజూ ఏదో ఒక వంక. ఒకరోజు అక్క విసిగిపోయి, "అసలు మీకు ఎవరు కావాలండీ?" అంటే, "మీరేనండీ" అన్నాడట. నోట్లో నాలుక లేని మా అక్క టక్కున లైను కట్ చేసేసి, మళ్ళీ ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ కూర్చుందట. ఇది అక్క చెప్పే కథ. బావ చెప్పే కథలో ముందు మోజుపడింది అక్కే.

అలాంటి మనిషి ఉన్నట్టుండి కూతలు వినడం మానేశాడు. ఆ శెనగగింజ స్పీకర్లన్నీ ఒక సీసాలో వేసి, మూత బిగించి, అటక మీద పెట్టేశాడు. అదేంటి బావా అంటే, "కొత్త బోర్డులు కూయడం మానేశాయి మరదలా. వాటికి సిగ్గెక్కువ. ఇప్పుడంతా చెవిలో చెప్పుకోవడమే" అని ఒక తీగ చూపించాడు. అందులో అబద్ధం లేదు, ఇప్పటి బోర్డులు చాలావాటికి స్పీకరే ఉండదు. సగం నిజం చెబితే మిగతా సగం ఎవరూ అడగరని నాకు అప్పటికి తెలియదు.

దాన్ని సీరియల్ కేబుల్ అంటారు. ఒక చివర ల్యాప్‌టాప్‌కి గుచ్చే పిడి, రెండో చివర రంగురంగుల సన్న తీగలు. తెర నల్లగా ఉన్నంత మాత్రాన బోర్డు చచ్చిపడి ఉన్నట్టు కాదట. తెర వెలిగేలోపే అది తను చేస్తున్న పనులన్నీ తనలో తను గొణుక్కుంటూ ఉంటుందట. ర్యామ్ చూస్తున్నాను, ఉంది, డిస్కు చూస్తున్నాను, లేదు, ఇలాగ. ఆ గొణుగుడు బయటికి రావడానికి బోర్డులో ఒక మూల చిన్న పిన్నుల వరుస ఉంటుంది. అక్కడ తీగలు తగిలిస్తే గొణిగిందంతా ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలై పడుతుంది. వినక్కర్లేదు, చదువుకుంటే చాలు.

తీగలకి బావ తన పేర్లు తను పెట్టుకున్నాడు. నల్లది నేల. మిగిలిన రెంటిలో ఒకటి నోరు, ఒకటి చెవి.

"ముందు నేలకి నేల కలపాలి. ఇద్దరూ ఒకే నేల మీద నిలబడకపోతే మాట కుదరదు. తర్వాత దాని నోరు మన చెవికి, మన నోరు దాని చెవికి."

"మరి ఈ ఎర్రది?"

"దాని జోలికి పోకు, అది కరెంటు. బోర్డు తిండి బోర్డుకుంది, మనం పెట్టక్కర్లేదు. ఇది మాటల చుట్టరికం మరదలా, పెట్టుపోతలుండవు."

ఇంత చెప్పి, మొదటిసారి తగిలించినప్పుడు ఏమీ రాలేదు. ల్యాప్‌టాప్ తెర ఖాళీగా ఉండిపోయింది. పిన్నులు తుడిచాడు, తీగలు పీకి మళ్ళీ పెట్టాడు, తీగ అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆఖరికి నుదురు కొట్టుకుని, "నోరు నోటికి పెట్టాను!" అని పెద్దగా నవ్వాడు. "అదీ మాట్లాడి, నేనూ మాట్లాడితే ఇక వినేదెవరు?" రెండు తీగలూ అటుదిటు మార్చగానే అక్షరాలు కురిశాయి. అవి కూడా ముందు పిచ్చిగీతల్లా వచ్చాయి. దాని మాట వేగమొకటి, మన వినికిడి వేగమొకటి అయితే అలాగే వస్తుందట. వేగం సరిచేశాక మాత్రం ఒక్కో వరుసా చక్కగా పడింది. బావ ప్రతి వరుసా పైకి చదివాడు, కొత్తగా చదువొచ్చిన పిల్లలు కొట్ల పేర్లు చదివినట్టు.

ఆ రోజు భోజనాల దగ్గర చెంచాలు అడ్డంగా నిలువుగా పేర్చి అక్కకి కూడా చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. అక్క నవ్వి, "ఇందులో కొత్తేముంది? ఫోనూ అంతే కదా. తిరగేసి పట్టుకుంటే ఎవరికి వినబడుతుంది?" అంది. జీవితమంతా లైన్లు కలిపిన మనిషి, ఆమెకి ఒక్కసారికే అర్థమైంది. బావ కూడా నవ్వాడు. అక్క మాటకి కాదు, అక్క నవ్వడం చూసి నవ్వాడని ఇప్పుడనిపిస్తుంది.

ఆ తర్వాత బావలో వచ్చిన మార్పుకి బజారు ముచ్చటపడింది. కుర్చీ గుమ్మం వైపు తిప్పుకున్నాడు. వచ్చినవాళ్ళ మొహంలో మొహం పెట్టి, రెప్ప వేయకుండా వినేవాడు. పక్కనున్న ఎలక్ట్రికల్ కొట్టాయన నాతో, "మీ బావ ఈమధ్య మనిషికి ఎంత విలువిస్తున్నాడమ్మా! ఆయనతో మాట్లాడితే కడుపు నిండినట్టుంటుంది" అన్నాడు. ఫోన్ మోగితే ఎత్తేవాడు కాదు, మెసేజ్ పెట్టమనేవాడు. ఏ మాటకైనా "సరే", "అలాగే", "మీరెంత చెబితే అంత". గంగిగోవు అయిపోయాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలుస్తూ ఇంట్లో ఓడిపోతున్నాడని నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం అక్క నా కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుని, నా కాగితాల కట్టలు సర్దింది. అలా అడక్కుండా పని చేస్తోందంటే లోపల ఏదో ఉన్నట్టే.

"ఆయనకి నా మాటంటేనే పడటం లేదే" అంది చివరికి.

"బావకా? పోక్కా, నువ్వు మరీను."

"అందరి మాటా వినబడుతుంది. ఎలక్ట్రికల్ కొట్టాయన గుమ్మంలోంచి పిలిస్తే లేచి వెళ్తారు. నువ్వు చెక్క అవతల్నించి పిలిస్తే పలుకుతారు. లారీ వెళ్తే కిటికీ వేస్తారు. నేను పక్కన నిలబడి పిలిస్తే తల కూడా ఎత్తరు."

"పనిలో ఉండి ఉంటాడు."

"అన్నం తినేటప్పుడు కూడానా?"

జవాబు లేనప్పుడు సలహా ఇవ్వడం నాకలవాటు. "నువ్వు మరీ మెత్తగా మాట్లాడతావు. గట్టిగా అరువు, ఎందుకు వినబడదో చూద్దాం" అన్నాను. పాపం అరిచింది కూడా. అక్క గొంతు పెంచితే లావెక్కదు, ఇంకా సన్నబడి పైకి పోతుంది. ఎంత అరిచి గీపెట్టినా బావ పలకలేదు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రివాళ్ళు ఇంకో ఊళ్ళో కొత్త శాఖ తెరిచారు. అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అంతా చూసుకోమని అక్కని అడిగారు. ఉండటానికి క్వార్టర్సు ఇస్తారు. అక్కకి వెళ్ళాలని లేదు. వెళ్ళొద్దు అన్న మాట ఆయన నోటివెంట వినాలని ఉంది. ఆమెకి కావలసింది ఆ ఒక్క మాటే. భోజనాల దగ్గర ఆ కబురు చెబితే "అలాగే" అన్నాడట. సరే, బుర్రలో ఏదో బోర్డు పెట్టుకుని ఉంటాడనుకుని రెండు రోజులు ఆగింది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి అడిగింది.

"ఏమండీ, మారిపోనా?"

బావ వెనక్కి తిరిగి, ఒక్క క్షణం ఆమె వైపు చూసి, మళ్ళీ కుళాయి వైపు తిరుగుతూ అన్నాడట:

"ఎప్పుడో చేయాల్సిన పని. దానికి నన్నడగాలా?"

"ఆ మిణుకుమిణుకు బల్బు కింద ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు" అంది అక్క, మర్నాడు నా కొట్టుకొచ్చి. ఏడవలేదు. అక్క ఏడిస్తే నాకు భయం ఉండదు, ఏడవకపోతేనే భయం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడే చెక్క దాటి వెళ్ళి బావని నాలుగు దులిపేద్దామని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని ఒక్క మాట అన్నావో, నా మీద ఒట్టే. అడిగి తెచ్చుకునే ప్రేమ నాకొద్దు" అంది. ఇక నేనేం చేయను? ఒట్టు పెట్టి నా నోరు కట్టేసింది. బట్టలు కొద్దికొద్దిగా తెచ్చి మా ఇంట్లో ఒక పెట్టెలో సర్దుకుంది, బావకి తెలియకుండా. ఆదివారం బస్సుకి వెళ్ళిపోవాలని. ఆ రోజుల్లో నేను బావతో మాట్లాడటం మానేశాను. ఆయన చెక్క మీద వేలితో కొట్టి, "ఏం మరదలా, నోరు పడిపోయిందా?" అని వేళాకోళమాడేవాడు. నేను లోలోపల ఉడికిపోయేదాన్ని. ఊరంతా చెవులు రిక్కించి వినే గొంతు ఇంట్లో పెట్టుకుని ఈ మనిషికి ఇంత పొగరా అనుకునేదాన్ని.

ప్రయాణానికి ముందురోజు ఆసుపత్రిలో అక్క బల్ల మీది కంప్యూటరు ఆగిపోయింది. ఫోన్లన్నీ దాని గుండానే వెళ్తాయి. లోపలికి ఏ ఫోనూ రావడం లేదు, రోగుల తాలూకువాళ్ళు గేటు దగ్గరికొచ్చి గోల పెడుతున్నారు. "మీ ఇంట్లోనే డాక్టరున్నాడు కదమ్మా" అని బోర్డు ఊడదీసి అక్క చేతికే ఇచ్చి పంపారు. మధ్యాహ్నం వేళ గుడ్డసంచిలో అది పెట్టుకుని అక్క బావ కొట్టులోకి వచ్చింది. నేను చెక్క సందులోంచి చూస్తున్నాను.

"ఎక్స్ఛేంజీ గారు స్వయంగా వేంచేశారే!" అన్నాడు బావ. పెళ్ళి కాకముందు నుంచీ ఆయన అక్కని పిలిచే పేరది. అక్క నవ్వలేదు. బోర్డు బల్ల మీద పెట్టి, ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. బావ ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు. ఏదో జరిగిందని తెలిసింది కానీ, ఏమిటో తెలియలేదు. అలాంటప్పుడు మగవాళ్ళు చేసే పనే చేశాడు, పనిలో తలదూర్చాడు.

కరెంటు ఇచ్చాడు. ఆ బోర్డు పాతకాలంది, దానికి స్పీకరు పుట్టుకతోనే అతికి ఉంది. వెంటనే మొదలెట్టింది కూత. పొడుగ్గా, చెవిలో సూది దింపినట్టు, ఆగి మళ్ళీ, ఆగి మళ్ళీ. నా దగ్గర కాగితాలు తీయించుకుంటున్న గుమస్తా చెవులు మూసుకుని, "ఆపించు తల్లీ, పళ్ళు జివ్వుమంటున్నాయి" అన్నాడు. నేను చెక్క దాటి బావ వైపుకి వెళ్ళాను. ఆ కూత నాక్కూడా తెలుసు, అది ర్యామ్. ఒకప్పుడైతే బావ పందెం కాసేవాడు. ఇప్పుడాయన కళ్ళు మూసుకోలేదు, మెడ వంచలేదు. ఆ కూత తనకేమీ కానట్టు, తీగ చేతిలోకి తీసుకుని పిన్నులకి తగిలించుకుంటున్నాడు.

తగిలించాడు. ల్యాప్‌టాప్ తెర ఖాళీ. వేగం మార్చి చూశాడు. ఖాళీ.

"నోరు నోటికి పెట్టారేమో చూడండి" అంది అక్క.

బావ పలకలేదు. తెర వైపు ఇంకా వంగాడు.

"ఏమండీ. నోరు నోటికి పెట్టారు."

పలకలేదు. నాకు ఒట్టూ లేదు గిట్టూ లేదు అనిపించింది. ఇన్నాళ్ళూ దిగమింగిందంతా కక్కేద్దామని నోరు తెరిచాను. అక్క నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఆమె చూపు ఆ స్పీకరు మీద ఉంది. చూపుడువేలు తీసుకెళ్ళి దాని మీద అదిమింది. కూత మూలిగినట్టు అణిగిపోయింది. వేలు తీసింది, మళ్ళీ చెవులు చిల్లులు పడేలా కూసింది. అదిమింది, తీసింది. అలా చేస్తున్నంతసేపూ ఆమె కళ్ళు బావ మొహం మీదే ఉన్నాయి. ఆ మొహంలో కదలిక లేదు. తెర వైపే ఆశగా చూస్తున్నాడు.

అక్క లేచి ఆయన వెనక్కి వెళ్ళి నిలబడింది. లైను బాగుందో లేదో చూడటమే ఆమె ఉద్యోగం. ఆసుపత్రిలో వాడే గొంతుతో, ఒక్క అక్షరం నలగకుండా అడిగింది.

"హలో... వినబడుతోందా అండీ? లైన్లో ఉన్నారా?"

ఆ గొంతు అలా అడిగితే ఊళ్ళో ఎవరైనా "ఉన్నానమ్మా" అంటారు. అవతల గుమస్తా కూడా తల తిప్పి చూశాడు. తలెత్తనిది మా బావ ఒక్కడే. చెక్కని పట్టుకుని నిలబడ్డాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఎన్నిసార్లు ఎవరెవర్ని అని నవ్వుకున్నానో, ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

అక్క ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి, బోర్డు మీది రెండు తీగలూ పీకి, అటుదిటు మార్చింది. ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలు కురిశాయి. బావ ఉలిక్కిపడి తలెత్తాడు.

"నువ్వే మార్చావా?" అన్నాడు. "నోరు నోటికి పెట్టానా? చూశావా, నీ బోర్డు అనేసరికి చేతులు ఆడలేదు." 

బావ వరుసలు చదివాడు. ర్యామ్ కనబడటం లేదని బోర్డు రాస్తోంది. కరెంటు ఆపి, ర్యామ్ పలక ఊడదీసి, దాని అంచు రబ్బరుతో రుద్ది, మళ్ళీ గుచ్చి, కరెంటు ఇచ్చాడు. ఈసారి "కీ" అని ఒక్క కూత వచ్చి ఆగిపోయింది. అవతల గుమస్తా "హమ్మయ్య" అన్నాడు. వరుసలు గబగబా పరిగెత్తి, చివర ఒక గీత మిణుకుమంటూ నిలబడింది.

"అయిపోయింది. డిస్కు లేదు కదా, ఇక ఏం చేయమంటావని అడుగుతోంది" అన్నాడు బావ అలవాటు కొద్దీ.

అక్క ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఫోన్లో మనమందరం రాసుకుంటామే, ఇంగ్లీషు అక్షరాలతో మన మాటలు, అలా కొట్టింది.

ఎప్పటినుంచి వినబడటం లేదు?

కొట్టి, బావ వైపు తిప్పింది. ఆ ప్రశ్న తీగలోంచి బోర్డు చెవిలోకి వెళ్ళింది. బోర్డు కింద వరుసలో ఠక్కున జవాబిచ్చింది, ఇలాంటి ఆజ్ఞ నాకు తెలియదని.

బావ చదివాడు. మళ్ళీ చదివాడు. "ఏం వినబడటం లేదు? బానే..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయాడు. నేను ఏడుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

"చాలా రోజులైంది" అన్నాడు చివరికి. "ముందు కూతలు పోయాయి. తర్వాత..." ఆగాడు. "తర్వాత నువ్వు పోయావు. లావు గొంతులు వినబడతాయి. మరదలి గొంతయితే వద్దన్నా వినబడుతుంది. సన్నటివే పోయాయి."

ఎందుకు చెప్పలేదు?

తెలియదంది బోర్డు.

"ఎలా చెప్పను? నీ గొంతు కోసం లేని పనులు కల్పించుకుని ఫోన్లు చేసినవాణ్ణి. ఆ గొంతే నాకు రావడం లేదని నీ మొహం మీద ఎలా అనను? మొహం చూస్తూ ఉంటే సగం తెలిసేది. తెలియని సగానికి సరే అనేవాణ్ణి."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఈయన తన రహస్యం ఎవరికీ తెలియదనుకున్నాడు. తెలియకపోవడమే నిజం కూడా, అదీ మా ఖర్మ. అక్క మళ్ళీ కొట్టింది. ఈసారి వేళ్ళు ఆగి ఆగి కదిలాయి.

మరి మారిపోనా అంటే?

బావ పెదాలు కదుపుతూ చదివాడు. "మారిపోనా? ఎక్కడికి?"

కొత్త ఆసుపత్రికి. ఆ ఊరికి. ఎప్పుడో చేయాల్సిన పని అన్నారు.

బావ మొహంలో రక్తం లేదు. "మార్చేయనా అని కదా నువ్వడిగింది!" అన్నాడు. వినికిడి తగ్గినవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు, ఆ కేక బజారు చివరిదాకా వెళ్ళి ఉంటుంది. "బల్బు! వంటింట్లో బల్బు మార్చేయనా అని! ఆ బల్బు కొట్టుకుంటుంటే నీ పెదాలు కనబడవు. ఏం మాట్లాడుతున్నావో ఒక్క ముక్క తెలిసేది కాదు. తెద్దాం తెద్దామనుకుంటూ రోజూ మర్చిపోతున్నా. నువ్వే మారుస్తానంటే హమ్మయ్య అనుకున్నా. ఇకనించీ వంటింట్లో కూడా నీ మాట తెలుస్తుంది కదా అని..." 

అక్క కొట్టడం ఆపి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎప్పుడో చేయాల్సిన పని అన్న మాటకి ఇన్నాళ్ళూ ఆమె ఎన్ని అర్థాలు తీసుకుందో నాకు తెలుసు. ఇదొక్కటీ ఆమెకి తట్టలేదు. దేవుడికైనా తట్టేది కాదు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఇంకొక్క వరుస కొట్టింది.

వెళ్ళమంటారా?

తెలియదంది బోర్డు. బోర్డుకి తెలియకపోతే పోయింది.

"వెళ్ళొద్దు!" అన్నాడు బావ. ఎలక్ట్రికల్ కొట్టాయన గుమ్మంలోకి వచ్చి, "ఎవరు బాబూ వెళ్ళేది?" అని తొంగిచూశాడు. "ఎవరూ వెళ్ళడం లేదు. మీరు మాత్రం ఒక మంచి బల్బు ఇవ్వండి, బాగా వెలుగొచ్చేది" అన్నాను నేను.

అక్క ఆ బోర్డు తీసుకెళ్ళి ఆసుపత్రిలో పెట్టించి, ఫోన్లు మోగడం విన్నాక, కొత్త శాఖకి వేరేవాళ్ళని చూసుకోమని చెప్పి వచ్చింది. అటునుంచి అటే చెవుల డాక్టరు దగ్గర బావకి చీటీ కూడా రాయించింది. చెవి వెనక మిషను పెట్టుకోవాలని తర్వాత తేలింది. అది పెట్టుకున్న మొదటిరోజు గిన్నెల చప్పుడు ఇంత ఘోరంగా ఉంటుందా అని పారిపోయాడు. అటక మీది స్పీకర్ల సీసా మాత్రం కిందికి దిగింది.

ఆ రోజు చీకటి పడుతుండగా అక్క పెట్టె నేను మోసుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టాను. వంటింట్లో బావ కుర్చీ ఎక్కి ఉన్నాడు, అక్క కుర్చీ కాళ్ళు పట్టుకుని ఉంది. పాత బల్బు తీసి కొత్తది బిగించాడు. స్విచ్చి వేయగానే గది మూలల్లో బూజుతో సహా అన్నీ కనబడ్డాయి. బావ కుర్చీ దిగాడు. అక్క ఆయన ఎదురుగా, సరిగ్గా ఆ వెలుగు కిందికి వచ్చి నిలబడి, తల పైకెత్తింది. పెదాలు కదిలాయి. గొంతు బయటికి తీయలేదు. ఏం అడిగిందో గుమ్మంలో ఉన్న నాకు ఒక్క ముక్క వినబడలేదు.

బావ మాత్రం వీధి వీధంతా వినబడేలా, "మీరేనండీ!" అన్నాడు.